మానుకోటలో మూల గోలు

పోయిన శ్రావణంలో రెండో ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల ముప్పై అయిదు నిమిషాలకు, భూపాలపల్లిలో మా చిన్నమ్మాయి ఇంట్లో నాకు ఈ సంగతంతా మళ్లీ మనసుకు వచ్చింది. టైము ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, నాలుగున్నరకు వేసుకోవలసిన మాత్ర అయిదు నిమిషాలు ఆలస్యమైందని గోడ గడియారం చూసి అప్పుడే లేచాను. మా అమ్మాయి వానలో తడుస్తూ సంత నుంచి వచ్చి, చేతిలోని సంచిని నా ముందే బోర్లించింది. అల్లుడికి ఉద్యోగం టేకుమట్లలో, రోజూ పొలాల గట్ల మీద తిరిగే పని, అతని కోసం కొన్న కొత్త తోలు చెప్పులు సంచి అడుగున ఉన్నాయి. వాటి మీద పసుపు పొట్లం, దాని మీద రెండు కిలోల ఉల్లిగడ్డలు. ఆ బరువుకు పొట్లం పగిలి, తడిసిన తోలంతా పసుపు పట్టింది. కొత్త చెప్పులు ఆగమైనాయని ఆమె బాధపడుతుంటే నేను ఒక చెప్పు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"ఏందమ్మా, చెప్పు వాసన చూస్తున్నవ్," అంది మా అమ్మాయి.

తడి తోలు వాసన ఒకటి, పసుపు వాసన ఒకటి, రెండూ ఎవరికైనా తెలిసినవే. రెండూ కలిసిన వాసన ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. అది మా ఊరి ఫుట్‌బాల్ వాసన.

నేను పుట్టి పెరిగింది స్టేషన్ ఘన్‌పూర్‌లో, రైలు పట్టాల పక్కన కట్టిన క్వార్టర్లలో. మా బాపు గ్యాంగ్‌మేస్త్రీ, అంటే పట్టాలు సరిచేసే కూలీల జట్టుకు పెద్ద. ఒక గది, ఒక వసారా, వెనక చిన్న పెరడు, పెరట్లో నీళ్ల గోలెం, గోలెం దాటితే ముళ్ల కంచె, కంచె దాటితే పట్టాలు. మాకు కాలాలు చెట్లను చూసి కాదు, రైళ్లను చూసి తెలిసేవి. గూడ్సు బండి మీద పత్తి బేళ్ల చీలికల్లోంచి దూది పింజలు ఎగిరి మా తులసి కోటకు చుట్టుకుంటే పుష్యం వచ్చినట్టు, బండి ఆగినప్పుడు మామిడి గంపల పులుపు వాసన వసారా దాకా వస్తే చైత్రం దాటినట్టు, పట్టాలు మధ్యాహ్నం పూట టకటక విరిచినట్టు చప్పుడు చేస్తే ఇక రోహిణి కార్తె అని లెక్క. బతుకమ్మకు మా అమ్మ కలిపే నువ్వుల సద్దిలో కూడా ఇంజను బొగ్గు నుసి రెండు మూడు పలుకులు పంటికి తగిలేవి, మాకు అది సద్దిలో ఒక దినుసు అన్నట్టే ఉండేది. సకినాలు చుట్టడానికి గుడ్డ పరిస్తే, ఎక్స్‌ప్రెస్ పోయినప్పుడల్లా నేల అదిరి చుట్లు ఒకదానికొకటి అతుక్కునేవి, మా బాపమ్మ బండికి వినపడేటట్టు తిట్టేది.

బాపమ్మ అంటే బాపును కన్న తల్లి. ఇంట్లో మాట ఆమెది. బాపు పదహారు మంది గ్యాంగు కూలీలను ఒక్క కేకతో నడిపేవాడు గాని, ఇంటి గడప దాటి లోపలికి వచ్చాక ఆమె మాటకు తల వంచేవాడు.

ఆ ఊళ్లోకి ఫుట్‌బాల్ ఎలా వచ్చిందో నాకు పూర్తిగా తెలియదు. నాకు ఊహ తెలిసేసరికే ఉంది. మిషన్ బడిలో డ్రిల్లు నేర్పే దావీదు సారు, ఆయన దగ్గర చదివే ముగ్గురు పిల్లలు, గ్యాంగు నుంచి అయిదుగురు, ఒక పోర్టరు, మా బాపు, మొత్తం పదకొండు మంది. ఎవరికీ బూట్లు లేవు, మడమలకు పాత ధోతి పేలికలు చుట్టుకునేవారు. సామాన్ల షెడ్డు వెనక జాగా వాళ్ల మైదానం, పాడైన స్లీపరు దుంగలు గోలు స్తంభాలు. గడ్డపార పట్టి పట్టి బాపు అరచేతులు చెక్కల్లాగా ఉండేవి, అందుకే ఆయనను గోలులో నిలబెట్టి గోలీని చేశారు. ఆట మాటలు కూడా మావాళ్లు తమకు నోరు తిరిగినట్టు మార్చుకున్నారు. గోలు, ఫౌలు అట్లాగే ఉన్నాయి గాని, మైదానం మూలన బంతి పెట్టి తన్నే కార్నర్‌ను మాత్రం అందరూ 'మూల' అనేవారు. మూల దొరికింది, మూల తన్నరా సారూ, మూల పాడు చేసిండు, ఇట్లా ఉండేది వాళ్ల భాష.

బంతి పని నాది. అప్పటి బంతి తోలుది, మధ్యలో చీలిక, చీలికలో రబ్బరు బుడ్డ. సైకిలు పంపుతో గాలి కొట్టి, బుడ్డ మెడను దారంతో కట్టి లోపలికి దోపి, చీలికను తోలు తాడుతో కుట్టాలి. తాడు వదులైతే బంతి సొట్టపోతుంది, ముడి పైకి లేస్తే తలతో కొట్టినవాడి నుదురు చీరుతుంది. నాకు పదేళ్లప్పుడు బాపు ఒకసారి సరదాకు దబ్బనం నా చేతికి ఇచ్చాడు. నా వేళ్లు సన్నం, ముడి లోపలికి పోయింది. అప్పటి నుంచి ప్రతి ఆటకు ముందు గాలి, తాడు, ఆముదం పూయడం అన్నీ నేనే. కూలిగా నాకు దొరికింది సామాన్ల షెడ్డు అరుగు మీద, బాపు నిలబడే గోలుకు సరిగ్గా వెనక, ఒక మనిషి కూర్చునేంత చోటు. నేను చూసిన ఆటలన్నీ బాపు వీపు మీదుగా చూసినవే. ఆయన మడమలు నేలలో దిగాయంటే ఎదుటివాడు తన్నబోతున్నాడని, భుజాలు జారాయంటే గోలు పడిందని, బంతి కనపడకపోయినా చెప్పగలిగేదాన్ని.

ఆటలు దసరా దాటాక మొదలై ఉగాదికి ముందు ముగిసేవి, ఆ తర్వాత ఎండకు ఎవరూ తట్టుకోలేరు. లైను మీద ఉన్న స్టేషన్ల జట్లు ఒకరి ఊరికి ఒకరు పోయి ఆడేవారు. ఆ ఏడు మావాళ్లు జనగామలో ఓడి, మిగిలిన చోట్ల గెలుస్తూ ఓడుతూ ఫాల్గుణం దాకా వచ్చారు. ఇక రెండే ఆటలున్నాయి. ఒకటి మానుకోటకు పోయి ఆడాలి. మహబూబాబాద్‌ను మేము అప్పుడూ ఇప్పుడూ మానుకోట అనే అంటాము. అక్కడికి పోయి మావాళ్లు ఏనాడూ గెలవలేదు. వాళ్ల నేల రాయిలాగా గట్టిది, బంతి మోకాలెత్తు ఎగిరేది, ఆ ఎగురుడుకు అలవాటైన వాళ్లు మావాళ్లను కుందేళ్లను తరిమినట్టు తరిమేవారు. ఒక్క పద్ధతి మాత్రం న్యాయంగా ఉండేది. మొదటి సగం ఊరివాళ్ల బంతితో, రెండో సగం వచ్చినవాళ్ల బంతితో ఆడాలి.

మానుకోట ఆట ఆదివారం. గురువారం సాయంత్రం నేను బంతికి గాలి కొట్టి, తాడు బిగించి, ఆముదం రాసి, వసారాలో చిలక్కొయ్యకు వేలాడదీశాను. ఆ తర్వాత పెరట్లోకి పోయినప్పుడు నేను పెద్దమనిషిని అయ్యానని తెలిసింది. నాకు పదమూడేళ్ల నాలుగు నెలలు. అమ్మకు చెప్పాను, అమ్మ బాపమ్మకు చెప్పింది. బాపమ్మ నన్ను పేరు పెట్టి అడిగిన మొదటి మాట, "ఏమేం ముట్టుకున్నవే యాదీ, వరుసగ చెప్పు."

వరుసగా చెప్పాను. మంచినీళ్ల కుండ, చెంబు, లాంతరు, బాపు తువ్వాల, బంతి. కుండ పగలగొట్టారు. చెంబును చింతపండుతో తోమారు. తువ్వాలను ఉడకబెట్టారు. లాంతరు మీద పసుపు నీళ్లు చల్లారు. బంతి దగ్గర బాపమ్మ ఆగిపోయింది.

నన్ను గది మూలన చాప వేసి కూర్చోబెట్టారు. మా వైపు ఆ వయసు ఆడపిల్లను గురించి 'మూలకు కూసుంది' అంటారు. తెల్లవారి బచ్చన్నపేట నుంచి మా అమ్మకు అన్న, మల్లయ్య మామ, తాటికమ్మలు బండి మీద వేసుకుని వచ్చాడు. అట్లాంటి పిల్లకు మేనమామే గుడిసె వేయాలి. పెరట్లో గోలెం పక్కన, కంచెకు కొంచెం ఇవతల, నేను కాళ్లు చాపుకుంటే మడమలు అవతలి కమ్మలకు తగిలేంత గుడిసె వేశాడు. స్నానం పోసే దాకా, అంటే తొమ్మిదో రోజు దాకా, నేను అందులోంచి బయటికి రాకూడదు, మగవాళ్ల మొహం చూడకూడదు. మామ తెచ్చిన ఎండు కొబ్బరి కుడుకలు, బెల్లం, నువ్వుల ముద్దలు, పొద్దున సాయంత్రం అవే. నాకు నువ్వుల ముద్దలంటే ప్రాణం గాని రెండో రోజుకే ఆ తీపికి నాలుక మొద్దుబారింది. పచ్చి తాటికమ్మల వాసన ఎండకు ఎండుగడ్డి వాసనగా మారుతుంటే, సందుల్లోంచి పడిన వెలుగు గీతలు నా చీర మీద పాకుతూ పోయేవి. బండి పోయినప్పుడు గుడిసె మొత్తం వణికేది. సాయంత్రం షెడ్డు వెనక మావాళ్లు పాత బంతితో ఆడుకుంటుంటే ఆ చప్పుడు మాత్రం వినపడేది. ఎవరు తన్నుతున్నారో చప్పుడు బట్టి చెప్పగలిగాను. దావీదు సారుది పలచని దెబ్బ, చెంప మీద కొట్టినట్టు. పోర్టరుది బస్తా పడేసినట్టు. ఎవరిదో తెలిసేది, బంతి ఎటు పోయిందో తెలిసేది కాదు. అది నన్ను చాలా వేధించింది.

శనివారం పొద్దు గూకే వేళ పెద్దవాళ్లు గుడిసె బయటే మాట్లాడుకున్నారు. నేను వింటున్నానని వాళ్లకు తెలుసు, విననట్టే మాట్లాడారు.

"పిల్ల పెద్దగయింది, మా పోరడు ఎదిగిండు," అన్నాడు మల్లయ్య మామ. "ఇగ దేనికి ఆలస్యం. వైశాఖంల చేద్దాం."

"ఎనిమిదికి జనగామకు పంపుదామనుకున్న బావా," అన్నాడు బాపు. "మా ఊళ్ల ఏడు తోనే అయిపాయె. రైలు మీద పోయి రైలు మీద వస్తది. లెక్కలు మంచిగ జేస్తది."

"లెక్కలు జేసి ఏం జేస్తది? మా ఇంట్ల లెక్కవెట్ట ఏమున్నది, రెండెడ్లు, ఒక బర్రె."

అమ్మ నవ్వు ఆపుకోవడం నాకు వినపడింది. మామ చెడ్డవాడు కాదు. ఆయన కొడుకు కూడా నెమ్మదస్తుడు. కాని బచ్చన్నపేటలో ఆ రోజుల్లో చెరువు ఎండితే ఆడవాళ్లు రెండు మైళ్లు పోయి నీళ్లు తెచ్చేవారు. అక్కడి నుంచి జనగామ బడికి నన్ను ఎవరూ పంపరు. గుడిసెలో కూర్చుని నేను ఆలోచించింది పెళ్లి గురించి కాదు, ఎనిమిదో తరగతిలో నేర్పుతారని విన్న బీజగణితం గురించి.

అప్పుడు బాపమ్మ తీర్పు చెప్పింది. "నా మాట ఇను. ముట్టయిన పిల్ల కట్టిన బంతి తీస్కపోతున్నవు. దేవత ఊకుంటదా? ఓడినవనుకో, ఆమె ఒప్పుకోలేనట్టే. పిల్లను మల్లయ్యకిద్దాం. గెలిచినవా, ఇగ నేను నోరు మెదప. బడికే తోలు."

"అవ్వా, మానుకోటల మేం ఎన్నడన్న గెలిచినమా?" అన్నాడు బాపు తల్లితో.

"గందుకే అంటున్న."

పాత బంతి పోటీ ఆటకు పనికిరాదు, కొత్తది కొనే స్థోమత జట్టుకు లేదు. ఆ బంతినే తీసుకుపోవాలి. అయితే బంతిని శుద్ధి చేయకుండా గడప దాటనివ్వనంది బాపమ్మ. చిలక్కొయ్య నుంచి దానిని కట్టెతో దింపి, కట్టెతోనే పెరట్లోకి దొర్లించి, గోలెంలో రెండు గుప్పిళ్ల పసుపు, వేపాకు కలిపి అందులో వేసింది. బంతి తేలింది. ఆమె దానిని ముంచింది, అది మళ్లీ తేలింది. బట్టలు ఎట్లా నానుతాయో బంతి కూడా అట్లాగే నానాలని ఆమె పట్టు. చివరికి మసాలా నూరే పొత్రం తెచ్చి బంతి మీద పెట్టింది.

"అవ్వా, గది తోలు. నీళ్లు తాగుతది," అన్నాడు బాపు.

"తాగనియ్యి. దానికి గూడ దూపయితది."

తెల్లారేసరికి బంతి పసుపు తాగి ఉబ్బి, పండిన గుమ్మడికాయలాగా ఉందని అమ్మ వచ్చి నాకు చెప్పింది. ఎండితే తోలు పగులుతుందని బాపు దానిని తడి గోనెసంచిలో చుట్టి తీసుకుపోయాడు. ఆదివారం పొద్దుటి ప్యాసింజరు కదులుతుంటే, కమ్మల సందులోంచి నాకు చక్రాలు మాత్రం కనపడ్డాయి.

ఆ రోజంతా ఎట్లా గడిచిందో చెప్పాలంటే, గడవలేదనే చెప్పాలి. నేను బాపు వీపును ఊహించుకోవడానికి ప్రయత్నించాను. నాకు తెలిసింది మా షెడ్డు ముందు ఆయన వీపే గాని మానుకోటలో ఆయన ఎట్లా నిలబడతాడో తెలియదు. బరువెక్కిన బంతిని మా పిల్లలు తన్నలేక కాళ్లు విరగ్గొట్టుకుంటున్నట్టు కనపడేది. ఆ బంతిని అట్లా చేసింది నేను ముట్టుకోవడమే కదా అనుకునేదాన్ని. గెలిచి వస్తే మావాళ్లు స్టేషన్ నుంచి రేకు డబ్బా కొట్టుకుంటూ, ఈలలు వేస్తూ వచ్చేవారు. ఓడితే ఎవరి దారిన వాళ్లు పోయేవారు. సాయంత్రం ప్యాసింజరు వచ్చి ఆగింది, బొగ్గు పొగ గుడిసెలో నిండింది, బండి పోయింది. డబ్బా చప్పుడు లేదు. అసలు ఏ చప్పుడూ లేదు. కాసేపటికి పోర్టరు భార్య కొమురమ్మ కంచె దగ్గరకు వచ్చింది.

"ఒక్కడు దిగలే అక్కా," అంది మా అమ్మతో. "మా ఆయన గూడ రాలే. మొఖం ఎట్ల చూపెట్టుడని ఆడనే కూసున్నరో ఏమో."

మల్లయ్య మామ ఎడ్లకు గడ్డి వేసి, పొద్దున్నే బయలుదేరతానని, ముహూర్తం సంగతి బచ్చన్నపేట అయ్యగారిని అడుగుతానని చెప్పాడు. అమ్మ నాకు నువ్వుల ముద్ద తెచ్చి లోపలికి జరిపింది. మామూలుగా వెంటనే పోయేది, ఆ పూట గుడిసె తలుపు పక్కన చాలాసేపు కూర్చుంది. "తిను యాదీ" అని మాత్రం అంది.

తెల్లవారుజామున ఒక గూడ్సు బండి స్టేషన్ రాకముందే, సిగ్నలు దగ్గర నెమ్మదించింది. దాని తర్వాత కంకర మీద అడుగులు వినపడ్డాయి, మాటలు లేవు. గుడిసె వెనక కమ్మలు లోపలికి వంగాయి. ఎవరో వాటికి వీపు ఆనించి కూర్చున్నారు. ఆముదం, చెమట, పసుపు వాసన వేసింది.

"యాదీ. మేలుకున్నవా బిడ్డా?"

నేను లేచి కమ్మల దగ్గరకు జరిగాను. ఏమని అడగాలో తెలియలేదు.

"ఊ అను, చెప్త. ప్యాసింజరు తప్పింది. గార్డును బతిమాలుకొని గూడ్సు డబ్బల వచ్చినం. లొల్లి జేస్తె ఆయన నౌకరి పోతదని ఎవ్వరం కుయ్యిమనలే." ఆయన దగ్గాడు. "గెలిచినం."

తర్వాత ఆయన ఆట మొత్తం చెప్పాడు. నా వైపు తిరగకూడదు, పట్టాల వైపు చూస్తూ, కమ్మలకు ఆనించిన వీపు కదులుతుండగా చెప్పాడు. నేను ఆ వీపు పక్కన నా చెవి పెట్టి విన్నాను.

మొదటి సగం వాళ్ల బంతి. ఎప్పటిలాగే ఎగిరింది, మావాళ్లు పరుగెత్తారు. "ఒకటి ఇచ్చుకున్న. కాళ్ల సందుల నుంచి పాయె. నువ్వుంటె నవ్వుదువు." రెండో సగానికి గోనెసంచి విప్పి మా బంతి పెట్టేసరికి చూసేవాళ్లు ఒకటే నవ్వు. గిది బంతా గుమ్మడికాయనా అని ఒకడు, ఘన్‌పూరోళ్లు పెండ్లికొచ్చిన్రు, పసుపు గూడ తెచ్చుకున్నరు అని ఇంకొకడు. వాళ్ల ముందువరసలో ఆడే పెద్దమనిషి మొదటిసారి దానిని తన్ని, పాదం పట్టుకుని కూర్చున్నాడు. బంతి మాత్రం అయిదు గజాలు పోయి ఆగింది. ఆ రాతినేల మీద అది ఎగరడం మానేసింది. తలతో కొట్టిన ప్రతివాడి నుదుటికి పసుపు అంటింది. "అందరం పేరంటాండ్లోలె అయినం బిడ్డా." వాళ్ల వెనకవాడు అలవాటుగా తమ గోలీకి బంతి తోస్తే అది సగం దూరంలో నిలిచిపోయింది, పోర్టరు పోయి లోపలికి నెట్టాడు. ఒకటి, ఒకటి. ఇక ఆట అయిపోతుందనగా మావాళ్లకు మూల దొరికింది. దావీదు సారు రెండు చేతులతో బంతిని తుడిచి, మూలన పెట్టి, ఉన్న బలమంతా పెట్టి తన్నాడు.

"మీదికి లేసింది. వాళ్ల గోలీ ముందటికొచ్చిండు, గది ఇంక వస్తదనుకున్నడు. బంతికి బరువాయె, రాయి పడ్డట్టు వాని ఎనక పడ్డది. మూలకెంచి సీదా లోపటికే."

అంతటితో అయిపోలేదు. మానుకోటవాళ్లు బంతిలో రాయి పెట్టారని గొడవకు దిగారు. రెండు బంతులనూ బజారులో మిర్చి వ్యాపారి కాంటా మీద పెట్టించారు. అందరూ తుమ్ముతూనే తూచారు. మాది పావుసేరు పైన ఎక్కువ తూగింది. అయితే తాడు విప్పి చూపించమన్నారు.

"విప్పతందుకు అద్దగంట పట్టిందే తల్లీ. గంత గట్టిగ కట్టినవు. లోపట బుడ్డ తప్ప ఏం లేదు, వాళ్లే నోరు మూసుకున్నరు. గంతల ప్యాసింజరు పోనే పోయె."

ఇంతలో బాపమ్మ పెరట్లోకి వచ్చింది. కొడుకును చూసి ఒక్కటే అడిగింది. "ఏమయిందిరా?"

"గెలిచినం అవ్వా."

"మానుకోటలనా? ఎట్ల గెలిచిన్రు?"

"మూల తోని గెలిచినం."

"మూల తోనా," అంది బాపమ్మ.

"మూల తోనే. మూల లేకపోతె ఏడికెళ్లి గెలుస్తుంటిమి."

ఆమె గోలెం దగ్గరకు పోయి చేతులు కడుక్కుంది, వచ్చి గుడిసె కమ్మల మీద చేయి పెట్టింది. తర్వాత ఎడ్లను బండికి కడుతున్న మామ దగ్గరకు పోయింది. "మల్లయ్యా, ఇన్నవా? మూలకున్న పిల్ల గెలిపిచ్చిందట. ఊరంత చెప్తున్నరు. గిసొంటి పిల్లను గప్పుడే ఎట్ల ఇస్త? చదువుకోనియ్యి."

గుడిసె వెనక బాపు దగ్గు ఆగిపోయింది. నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. బాపు నోరు తెరిచి ఆమెకు కార్నర్ అంటే ఏమిటో చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. మామ ఎడ్ల పగ్గాలు చేతిలోకి తీసుకుని, "ఇయ్యకుంటె ఇయ్యకు అత్తా. కుడుకలు మాత్రం వాపసు కొంచవోను," అన్నాడు. అమ్మ బయటికే నవ్వింది. నేను ఎనిమిదో తరగతికి పోతున్నానని అప్పుడు నమ్మాను.

గుడిసెలో తొమ్మిదో రోజు శనివారం, నాకు స్నానం పోశారు. మర్నాడే చివరి ఆట, మా ఊళ్లో, జనగామవాళ్లతో. ఆదివారం పొద్దున్నే తలకు నూనె పెట్టుకుని, దబ్బనం వెతుక్కుంటూ వసారాలోకి వచ్చాను. చిలక్కొయ్య ఖాళీగా ఉంది. బంతి గోలెంలో పొత్రం కింద ఉంది. గదిలో, నేను మొదట కూర్చున్న మూలనే, బాపమ్మ చాప పరుస్తోంది.

"కూసో," అంది.

"స్నానం అయింది గదా బాపమ్మా."

"అయితె అయింది. మూల లేకపోతె గెలుస్తరా? మీ బాపే చెప్పిండు."

నేను బాపు వైపు చూశాను. ఆయన మడమకు పేలిక చుట్టుకుంటున్నాడు, చుట్టిందే మళ్లీ విప్పి చుట్టాడు. ఇప్పుడు నిజం చెప్తే బాపమ్మ గెలుపును వెనక్కి తీసుకుంటుందని, గెలుపుతో పాటు బడిని కూడా తీసుకుంటుందని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. "ఒక్క పూట కూసో బిడ్డా," అన్నాడు తల ఎత్తకుండా.

కూర్చున్నాను. ఆ రోజు మావాళ్లు జనగామ మీద రెండు గోలుల తేడాతో గెలిచారు. ఇక బాపమ్మకు అనుమానమే లేకపోయింది. జూన్‌లో నేను జనగామ బడిలో చేరాను. పొద్దుటి బండికి పోయి సాయంత్రం బండికి వచ్చేదాన్ని, బీజగణితం నేను అనుకున్నదానికంటే బాగుంది. దసరా దాటాక ఆటలు మొదలయ్యాయి. ఆట ఉన్న ప్రతి ఆదివారం బంతి గడప దాటే వేళకు నేను మూలకు చేరాలి, జట్టు తిరిగి వచ్చేదాకా లేవకూడదు. ఊళ్లో ఆడినా, వేరే ఊళ్లో ఆడినా అంతే. మొదట్లో బాపమ్మ ఒక్కతే అనేది. తర్వాత తర్వాత గ్యాంగు కూలీలు కూడా పోతూ పోతూ వసారాలోకి తొంగి చూసి, "కూసున్నవా చెల్లె?" అని అడిగి పోయేవారు. గోడకు అవతల షెడ్డు వెనక అరుపులు వినపడేవి. మూల, మూల అని వాళ్లు అరిచినప్పుడల్లా బాపమ్మ నా వైపు చూసి తల ఊపేది. నేను లెక్కల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఎవరు తన్నారో చప్పుడు బట్టి పోల్చుకునేదాన్ని. తాడు దావీదు సారు కట్టేవాడు. ముడి పైకి ఉంచేవాడని పోర్టరు నుదుటి మీద గీరలు చూసి తెలుసుకున్నాను.

రెండేళ్లకు బాపుకు డోర్నకల్ వైపు బదిలీ అయింది. బాపమ్మ మాతో రాలేదు, బాపు తమ్ముడు చిన్నబాపు దగ్గర ఉండిపోయింది. పోయే ముందు ఆమె నా తల నిమిరి, "నువ్వు పోతె ఇగ వీళ్లు గెలువరు," అంది. గోలీ లేని జట్టు ఆ ఏడు సగంలోనే ఆడడం మానేసింది. నేను పదకొండు దాకా చదివి, తర్వాత బి.ఎస్.సి. చేసి, జనగామ బడిలోనే ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు చెప్పాను. ఇప్పటికీ జనగామలోనే ఉంటాను. హన్మకొండకు బస్సులో పోయినప్పుడు ఘన్‌పూర్‌లో దిగి ఒకసారి చూశాను. క్వార్టర్లు లేవు. సామాన్ల షెడ్డు లేదు. మైదానంలో పత్తి లారీలు నిలిపి ఉన్నాయి. టీ కొట్టు అతన్ని ఇక్కడ ఫుట్‌బాల్ ఆడేవారు తెలుసా అంటే, క్రికెట్టా అమ్మా అన్నాడు.

ఆ మూల గోలు వల్ల నాకు వచ్చింది చదువు. పోయినవాటి లెక్క ఇది. బంతి ఒకటి, పసుపు నీళ్లకు కుట్లు చివికి రెండో ఏడు పిగిలిపోయింది. మైదానం ఒకటి. జట్టు ఒకటి, పదకొండు మంది, ఇప్పుడు ఎవరూ లేరు. మానుకోటతో కలిపి నేను మూలన కూర్చోగా జరిగిన ఆటలు పదిహేను. అందులో మావాళ్లు తొమ్మిది గెలిచారు. నేను ఒక్కటీ చూడలేదు.